నిండు ట్యాంకు సర్క్యులర్

మా ఆఫీసులో పెట్రోలు దొంగ ఎవడూ లేడు. ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. ఆఫీసుకున్నది ఒకటే కారు, కారుకున్నది ఒకడే డ్రైవరు, ఆ ఒక్కడూ నేనే. అయినా పదకొండేళ్ళ కిందట హెడ్డాఫీసులో ఎవరికో పెట్రోలు దొంగలు కల్లోకొచ్చారు. తెల్లారేసరికి సర్క్యులర్ వచ్చింది.

"షెడ్డులో పెట్టబోవు ప్రతి వాహనపు ట్యాంకును, పెట్రోలు మట్టము మూతి వద్ద కంటికి కనిపించునంత వరకు నింపవలెను. సదరు మట్టమును సూపరింటెండెంటు స్వయముగా చూచి లాగ్‌బుక్కులో సంతకము చేయవలెను."

నిండా ఉంటే ఎవడైనా గ్లాసుడు తీసినా తెలిసిపోతుందట. అదీ వాళ్ళ తెలివి. పదకొండేళ్ళుగా రోజూ సాయంత్రం ఐదింటికి నేను బంకుకెళ్ళి నిలబడ్డం, బంకులో గొట్టం టక్కుమని దానంతటది ఆగిపోవడం, ఆగాక కూడా "ఇంకా పొయ్యి నాయనా, ఇంకా పొయ్యి" అని వాణ్ణి బతిమాలడం. పొంగి పొర్లేదాకా పోయించి ఆఫీసుకొస్తే, సూపరింటెండెంటు సుభద్రాదేవి గారు టార్చిలైటు పట్టుకుని షెడ్డు దగ్గర సిద్ధంగా ఉండేవారు. మూత తీసి, కళ్ళజోడు సవరించుకుని, నూతిలోకి తొంగిచూసినట్టు చూసి, "కనిపించింది" అని సంతకం పెట్టేవారు. ఆవిడకి జ్వరమొచ్చినా ఆ సంతకం మానలేదు. మనిషి అంత నిక్కచ్చి.

ఇంతకీ మా ఆఫీసేమిటో చెప్పలేదు. ఇంధన ఆవిరి నివారణ మండలి, జిల్లా శాఖ. బళ్ళ ట్యాంకుల్లోంచి పెట్రోలు ఆవిరై గాల్లో కలిసిపోతుంది కదా, అది కలవకుండా చూడ్డం మా పని. అలా ఆవిరి కారిపోతుంటే కొత్త కార్లలో ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపం వెలుగుతుంది. ఆవిరి కారి ఆ దీపం వెలిగిన బండి రోడ్డెక్కకూడదని ఈ ఉగాదికి మా మండలి రూలు తెచ్చింది. దీపం దానంతటది ఆరేదాకా బండి మళ్ళీ రోడ్డు మీద కనిపించకూడదు. మిషను పెట్టి ఆర్పితే అది సాక్ష్యాన్ని చెరిపేసినట్టు. మంచి రూలే, నేను కాదనను. ఊళ్ళో నూట పద్నాలుగు బళ్ళు ఆపాం. ఆపినచోటల్లా మా డిప్యూటీ డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు దిగి, "ఆవిరి మన అదృశ్య శత్రువు" అని ఉపన్యాసం చెప్పేవారు. బండి పోయినవాడు అది కూడా వినాల్సి వచ్చేది.

జులై ఇరవయ్యో తారీఖు పొద్దున్న తాళం తిప్పాను. మా కారులోనే పసుపు దీపం వెలిగింది.

ముప్ఫై ఒకటో తారీఖున నా రిటైర్మెంటు. వాహనాన్ని నిర్దోషంగా అప్పగిస్తేనే డ్రైవరుకి రిలీవింగ్ ఆర్డరు. లేకపోతే లోపం పోయేదాకా డ్యూటీలోనే ఉండాలి. పాతిక జిల్లాల అవతల ఒక డ్రైవరు ఇలాగే జీపు హారను మోగక రెండేళ్ళు అదనంగా పనిచేశాడని చెప్పుకుంటారు. ఇంటి దగ్గర మా ఆవిడ మంగతాయారు డ్రైవింగు స్కూలు పెట్టేసి కూర్చుంది. వాళ్ళ తమ్ముడి పాత కారు తెప్పించింది, వీధి గుమ్మం పైన బోర్డు కొట్టించింది, ఒకటో తారీఖు పొద్దున్న ఆరింటి బ్యాచీకి ఏడుగురు ఆడవాళ్ళని చేర్చేసింది. నేర్పాల్సింది నేను.

సాయంత్రం సంగతి చెప్తే మా ఆవిడ కూర కలుపుతూనే అంది.

"ముప్ఫై ఏళ్ళు ఆ పరాంకుశం గార్ని తిప్పేరు. ఇంకా నేనే మిమ్మల్ని వదలమని అడుక్కోవాలా? ఏవండీ, నాకదంతా తెలీదు. ఒకటో తారీఖు ఆరింటికి మీరు ఆ సీట్లో ఉండాలి. ఉండకపోతే నేనే నేర్పేస్తాను."

ఆవిడకి డ్రైవింగు రాదు. నాకు భయం వేసింది.

మర్నాడే మెకానిక్ జిలానీని ఆఫీసుకి పిలిచాను. కారుని అతని షెడ్డుకి తీసుకెళ్ళడానికి లేదు కదా, రోడ్డెక్కకూడదు. జిలానీ చిన్న మిషను తగిలించి చూశాడు, మూత తీసి చూశాడు, వెనక చక్రం దగ్గర కిందికి దూరి వాసన చూశాడు. అంతా కలిపి పది నిమిషాలు.

"రెండున్నాయి బాబాయ్. మూత వాషరు పగిలిపోయింది. రోజూ తీసి పెట్టి తీసి పెట్టి అరిగిపోయిందది. రెండోది బొగ్గు డబ్బా."

"బొగ్గు డబ్బా ఏంట్రా?"

"ట్యాంకులో పుట్టే ఆవిరి బయటికి పోకుండా ఓ డబ్బాలోకి పోద్ది. అందులో బొగ్గుంటది. ఆవిర్ని పీల్చి పట్టుకుంటది. బండి నడిచేటప్పుడు ఇంజను దాన్ని లాక్కుని కాల్చేస్తది. మీరేమో రోజూ మూతిదాకా నింపేత్తున్నారు. పొంగిన పెట్రోలు తిన్నగా డబ్బాలోకి పోతంది. ఆవిరి పీల్చమని పెట్టిన బొగ్గుకి పెట్రోలు తాగిస్తే అదేం చేస్తది చెప్పండి? మునిగిపోయింది."

ఆవిరి కారకుండా చూసే మండలి, తన రూలుతో తన కారు చేతే ఆవిరి కక్కించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వితే రిలీవింగు రాదు కాబట్టి నవ్వలేదు.

"వాషరూ డబ్బా మారిస్తే ఆరిపోతుందా?"

"ఊరికే ఆరదు. బండి తనని తను చూసుకోవాలి. ట్యాంకు సగం అటూ ఇటూగా ఉండాలి, రాత్రంతా చల్లారాలి, పొద్దున్న స్టార్టు చెయ్యాలి. అలా వరసగా మూడు పొద్దులు బాగుందనుకుంటే దీపం ఆర్పేసుద్ది. నిండా ఉన్నా అడుగంటినా అసలు చూసుకోదు. కడుపు నిండా తిన్నోడికి డాక్టరు రక్తప్పరీక్ష చెయ్యడు కదా, అలాగన్నమాట."

నేను లోపలికెళ్ళి పరాంకుశం గారికి ఇదంతా విన్నవించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"అబ్బులూ, నిబంధన వలన లోపము రాదు. లోపము వలననే నిబంధన వచ్చును. క్రమము మార్చకు."

"మూత వాషరండీ. గాజుపెంకంత ముక్క."

"ఆ పదము ఫైలులో వ్రాయదగినది కాదు. నివారణ మండలి వాహనమునకు మూత లేదనిన, పత్రికలు మనకు మూత లేదని వ్రాయును. నిర్ధారణ కమిటీ వేయుదము."

కమిటీకి ఆయన అధ్యక్షుడు, సుభద్రాదేవి గారు సభ్యురాలు, జిలానీ ‘బాహ్య నిపుణుడు’. మొదటి సమావేశంలో ఒకటే ప్రశ్న తేలింది: ఆవిరి కారుతున్నట్టు కళ్ళతో చూసినవాళ్ళెవరు? ఎవరూ లేరు. అదృశ్య శత్రువు కదా. చూడనిదే నిర్ధారించడం కుదరదన్నారు. ఇన్నాళ్ళూ నూట పద్నాలుగు బళ్ళు ఎలా ఆపామని నేను అడగలేదు. నాకు పది రోజులే ఉన్నాయి.

జిలానీయే దారి చెప్పాడు. "నా దగ్గర పొగ మిషనుందండీ. ట్యాంకు గొట్టంలోకి మెల్లగా పొగ పంపిత్తే, ఎక్కడ కన్నముంటే అక్కణ్ణుంచి బయటికొచ్చేసుద్ది. అందరూ చూడొచ్చు."

"పొగయా?" అన్నారు పరాంకుశం గారు. ఆయన వెనక గోడ మీద బోర్డుంది: ఈ ఆవరణలో ఎట్టి పొగయు నిషేధము.

మినహాయింపు ఇచ్చే అధికారం ఆవరణ సంరక్షణాధికారిది. ఆ అధికారి కూడా పరాంకుశం గారే. కనక ఆయన కమిటీ అధ్యక్షుడి హోదాలో తనకి తానే ఉత్తరం రాసుకున్నారు. సంరక్షణాధికారి హోదాలో దాన్ని అందుకుని, జతపరచిన కాగితాలు చాలవని తిప్పి పంపారు. అధ్యక్షుడికి కోపం వచ్చింది. ఘాటుగా జాబు రాశారు. సంరక్షణాధికారి ఆ భాషకి అభ్యంతరం తెలిపారు. ఒకే బల్ల మీద కుడివైపునుంచి ఎడమవైపుకి ఫైలు మార్చడానికి మూడు రోజులు పట్టింది. బంట్రోతుకి అందులో పని కూడా లేదు, చెయ్యి చాపితే చాలు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కరే అయి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఇరవై నాలుగో తారీఖున సుభద్రాదేవి గారు నిదానంగా నోరు విప్పారు.

"దసరాకి వాహన పూజప్పుడు సాంబ్రాణి వేస్తాం కదండీ. పూజాపొగకి రూలులోనే మినహాయింపు ఉంది. ఏడు, బి."

పరాంకుశం గారు నిబంధనల పుస్తకం తిరగేసి, ఏడు బి చదివి, ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నారు.

"అయితే పరీక్ష వద్దు. పూజ చేయుదము."

"పెట్రోలు దగ్గర నిప్పు ఒద్దండీ బాబూ," అన్నాడు జిలానీ. "సాంబ్రాణి మా దర్గాలోనూ ఏత్తాం, ఆ ఘాటు నాకు తెల్సు. నా మిషనే పెట్టుకుందాం. కొబ్బరికాయ మీరు కొట్టుకోండి."

అలా జులై నెలలో మా కారుకి దసరా పూజ జరిగింది. బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన జిలానీ మిషను. మిషనుకి కూడా ఎవరో బొట్టు పెట్టారు. పరాంకుశం గారు కాయ కొట్టారు. జిలానీ మీట నొక్కాడు. అరనిమిషం గడిచింది. తెల్లటి పొగ మూత చుట్టూ మెలికలు తిరుగుతూ లేచింది, ఇంకాస్సేపటికి వెనక చక్రం మీదనుంచి బొగ్గు డబ్బా దగ్గర కూడా లేచింది. దగ్గరగా వంగి చూస్తున్న సుభద్రాదేవి గారి కళ్ళజోడు కమ్ముకుపోయింది.

"కనిపించింది," అన్నారావిడ దగ్గుతూ.

కమిటీ నివేదిక మాత్రం ఇలా వచ్చింది. "పొగ మూత దిశగా వెడలినట్లు గమనించడమైనది. అయితే పైకి పోవుట పొగ స్వభావము. కావున మూతను నిందింపజాలము. ముందుజాగ్రత్తగా మాత్రము మార్చవచ్చును."

మార్చడానికి కొత్త మూత కొనాలంటే టెండరు పిలవాలి, దానికి నలభై ఐదు రోజులు. జిలానీ తన షెడ్డులో గుద్దుకుని పడున్న ఇలాంటి కారులోంచే మంచి మూతా బొగ్గు డబ్బా ఊడదీసుకొచ్చి, అరిటాకులో కొబ్బరి చెక్కల పక్కన పెట్టి ఇచ్చాడు. ప్రసాదానికి టెండరు అక్కర్లేదు. అందరం కళ్ళకద్దుకుని బిగించేశాం.

ఇక దీపం ఆరిపోతుందని నేను ఇంటికెళ్ళి గారెలు వండమన్నాను. తొందరపడ్డాను. ట్యాంకు నిండా ఉంది కదా. నిండా ఉంటే బండి తనని తను చూసుకోదు. సగమవ్వాలంటే నడవాలి. నడవాలంటే రోడ్డెక్కాలి. రోడ్డెక్కాలంటే దీపం ఆరాలి. దీపం ఆరాలంటే ట్యాంకు సగమవ్వాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను, నాకు నాలుగు రోజులు టైము.

"గొట్టం పెట్టి సగం తీసేద్దామండీ," అన్నాను.

పరాంకుశం గారు నా వంక జాలిగా చూశారు. "పదకొండు సంవత్సరములు దొంగ కొరకు కాచుకొని యున్నాము. చివరి వారములో నీవే అగుదువా?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన దగ్గర గొంతు పెంచింది అదొక్కసారే.

"అయితే ఆఫీసు చుట్టూ తిప్పుతానండీ. రోడ్డెక్కకూడదన్నారు గానీ కాంపౌండులో తిరక్కూడదని ఎవరూ అన్లేదు. పెట్రోలు సగానికి వచ్చేదాకా తిప్పుతానే ఉంటాను."

ఆయన ఆలోచించారు. "తిప్పవచ్చును. కాని లాగ్‌బుక్కులో ప్రయాణ ప్రయోజనము వ్రాయవలెను. అధికారి లేని ప్రయాణము ప్రయోజనము లేనిది. కావున నేనును కూర్చుందును."

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి మొదలెట్టాం. ఫస్టు గేరు, ఏసీ, వెనక సీట్లో పరాంకుశం గారు, ఆయన ఒళ్ళో ఫైళ్ళు. ముందు గుమ్మం, కుడి పక్క సైకిల్ స్టాండు, వెనక పంపు, ఎడమ పక్క క్యాంటీను, మళ్ళీ ముందు గుమ్మం. పదో చుట్టుకి గుమస్తాలు కిటికీల్లోంచి చూడ్డం మానేశారు. ముప్ఫయ్యో చుట్టుకి ఫైళ్ళు అందివ్వడం మొదలెట్టారు. ముందు గుమ్మం దగ్గర కొత్త ఫైలు లోపలికి, క్యాంటీను దగ్గర సంతకమైన ఫైలు బయటికి. నిజం చెప్పొద్దూ, మా ఆఫీసులో ఫైళ్ళు అంత జోరుగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

పదకొండింటికి అర్జీదార్లు వచ్చారు. సార్ ఎక్కడని అడిగితే బంట్రోతు వేలితో గాల్లో సున్నా చుట్టి చూపించాడు. ఒక బంకు యజమాని పంచె ఎగ్గట్టి, కారుతో పాటు నడుస్తూ, కిటికీలోంచి తన గోడు చెప్పుకున్నాడు. ఒకటిన్నర చుట్టులో ఆయన పని అయిపోయింది. ఆరు నెల్లుగా కాని పని. అది చూసి వెనకాల ఇంకో నలుగురు నడక మొదలెట్టారు. మధ్యాహ్నానికి ఊళ్ళోకి కబురెళ్ళిపోయింది. ఆవిరి ఆఫీసులో అనుమతి కావాలంటే ముందు పదకొండు చుట్లు తిరగాలట, తడి బట్టల్తో అయితే ఇంకా మంచిదట. మూడింటికి గేటు దగ్గర పూలబండి వచ్చి ఆగింది.

నాలుగింటికి పరాంకుశం గారు ఒక ఫైలు మీద "తల తిరుగుచున్నందున రేపు చూచెదను" అని రాసి, సీటుకి చేరబడ్డారు. ఐదుంపావుకి ముల్లు సరిగ్గా సగం గీత మీదికి వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సంతోషమో, గుండ్రంగా తిరిగి తిరిగి వచ్చిన తల తిప్పో తెలియదు.

కానీ ఐదున్నర అవుతోంది. షెడ్డు దగ్గర సుభద్రాదేవి గారు టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నారు.

కారు ఆపి దిగాను. మూత తీశాను. ఆవిడ వంగి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు.

"కనిపించడం లేదు."

"కనిపించదండీ. మళ్ళీ నింపితే రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. నేనిక్కడే ముసలాణ్ణయిపోతాను. మీకు దణ్ణం పెడతాను, ఒక్క మూడు రోజులు చూసీ చూడనట్టు సంతకం పెట్టెయ్యండి."

"చూడనిది చూశానని పదకొండేళ్ళలో రాయలేదు, ఇప్పుడూ రాయను." ఆవిడ టార్చి ఆర్పారు. "సర్క్యులర్ ఏముంది? షెడ్డులో పెట్టబోవు ప్రతి వాహనం. మీరు షెడ్డులో పెట్టబోతున్నారా?"

నేను కారు వంక చూశాను, షెడ్డు వంక చూశాను. మధ్య రెండు బారల దూరముంది.

"పెట్టబోవట్లేదండీ."

"అయితే నన్నెందుకు పిలిచారు?"

ఆవిడ లాగ్‌బుక్కు మూసేసి వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు. "ఒకటో తారీఖు ఆరింటి బ్యాచీలో నా పేరుంది అబ్బులు గారూ. మీ ఆవిడ చెప్పలేదా? ఈ వయసులో నేర్చుకోవాలని ఎంత ధైర్యం చేసి చేరానో నాకే తెలుసు. ఆ రోజు మీరు రాకపోతే మళ్ళీ నాకంత ధైర్యం రాదు."

పదకొండేళ్ళలో ఆవిడ నాతో ‘కనిపించింది’ అన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడ్డం అదే మొదలు. కారుని షెడ్డుకి రెండు బారల ఇవతలే వదిలేసి, మీద టార్పాలిను కప్పి ఇంటికెళ్ళాను.

ఇరవై తొమ్మిది పొద్దున్న స్టార్టు చేశాను, దీపం వెలుగుతూనే ఉంది. కాంపౌండులో నాలుగు చుట్లు తిప్పి ఆపేశాను. ముప్ఫైనా అంతే. ముప్ఫై ఒకటిన తాళం తిప్పేటప్పటికి ఆఫీసంతా చుట్టూ మూగి ఉంది, జిలానీ దుకాణం మూసుకుని మరీ వచ్చాడు. ఇంజను అందుకుంది. దీపం ఇంకా వెలుగుతోంది. ఒక చుట్టు తిప్పాను. రెండో చుట్టులో సైకిల్ స్టాండు దాటుతుండగా, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, పసుపు దీపం ఆరిపోయింది.

జిలానీ ఈలేశాడు. పరాంకుశం గారు వంగి ఆ ఆరిన చోటు చూసి, "కనిపించుట లేదు" అని స్వయంగా రాసి సంతకం పెట్టారు. రిలీవింగ్ ఆర్డరు మధ్యాహ్నానికి వచ్చింది. తాళాలు ఎవరికి అప్పగించాలన్న దగ్గర ఒక నిమిషం ఆగిపోయింది. నా జాగాలోకి ఇంకా ఎవర్నీ వెయ్యలేదు, ఆ ఫైలు నడుస్తోందట. చివరికి పరాంకుశం గారే చెయ్యి చాపి తాళాలు పుచ్చుకున్నారు.

ఒకటో తారీఖు ఆరింటికి నేను ఆ సీట్లో ఉన్నాను. సుభద్రాదేవి గారు మొదటి రోజే గేటు స్తంభాన్ని కొంచెం గీరారు గానీ, రెండో వారానికి బజారులోకి తీసుకెళ్ళే స్థాయికి వచ్చేశారు.

అక్కడ ఆఫీసులో ఫైలు నడుస్తూనే ఉంది, కారు మాత్రం కదల్లేదు. పన్నెండో తారీఖు పొద్దున్న ఆరింటికి మా వీధి గుమ్మంలో పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కొత్తగా తీసుకున్న ఎల్ఎల్ఆర్, ఇంకో చేతిలో ఆఫీసు కారు తాళాలు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు.

"ఇది ఆడవాళ్ళ బ్యాచీ అండీ," అంది మా ఆవిడ. మళ్ళీ ఆయన మొహం చూసి జాలిపడింది. "పర్లేదులెండి, రండి. మీ వంతు వచ్చేదాకా వెనక కూచోండి."

ఆయన నలుగురు ఆడవాళ్ళ వంతు అయ్యేదాకా వెనక సీట్లో మూలకి ఒదిగి కూర్చున్నారు. వంతు వచ్చాక స్టీరింగు ముందుకొచ్చి కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను పక్క సీట్లో ఉన్నాను.

"క్లచ్చి తొక్కండి సార్."

ఆయన తొక్కలేదు. "ఏ నిబంధన ప్రకారము?"

"నిబంధన లేదండీ. నేను చెప్పాను కాబట్టి."

ఆయన ఒళ్ళోంచి చేతులు తీసి స్టీరింగు పట్టుకున్నారు. తర్వాత కొత్త బూటు కాలెత్తి క్లచ్చి మీద పెట్టి, నోరెత్తకుండా తొక్కారు.